ముగ్గు పోసిన రోజే రావాలి

సైదాబాద్‌లో మా వీధి చివర ఓ ఇల్లు లేస్తోంది. ఇలాంటి ఇళ్లకు ఇప్పుడు అనుమతి తేలికే. ఇంటి అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి టీఎస్‌ బీపాస్ చట్టంతో 75 గజాల దాకా స్థలంలో కట్టే చిన్న ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల దాకా స్థలంలో, పది మీటర్ల ఎత్తు మించకపోతే, యజమాని సొంత హామీ మీదే అనుమతి. తనిఖీ ఆ తర్వాతే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన మంచి మార్పు ఇది.

కానీ తనిఖీకి మనిషి వచ్చేసరికి పునాది వేసేసి ఉంటే? మేస్త్రీ ముగ్గు పోసి, మేకులకు దారం కట్టిన రోజే టేపు పెట్టి సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, కొలవాలి. అడుగు తక్కువైతే దారం జరిపితే సరిపోతుంది. పిల్లర్లు లేచాక జరపడానికేముంది, కూల్చడమే. పోయేది అప్పు చేసి కట్టుకునేవాళ్ల డబ్బు. ఆ తనిఖీ రోజు, టైము ఇంటివాళ్లే ఎంచుకునే ఏర్పాటు కావాలి.