సంచిలో గ్లోవ్‌లు

2019 జూన్‌లో నన్ను మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో తీసుకున్నప్పుడు నా సంచిలో ఉన్నది ఒక్కటే గ్లోవ్. పదకొండున్నర అంగుళాలది, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌ది. అప్పట్లో డ్రాఫ్ట్ 40 రౌండ్లు జరిగేది. ముప్పై దాటాక నా పేరు పిలిచారు. ఇప్పుడు 20 రౌండ్లే. ఆ లెక్కన నా పేరు అసలు వినపడేదే కాదు.

నేను పెరిగింది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. నాన్నది గుంటూరు దగ్గర పల్లె, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా వీధిలో సాయంత్రమైతే టేప్ బంతితో క్రికెట్. నేనూ ఆడేవాణ్ని. ఒకరోజు నాన్న ఆఫీసులో ఎవరో టికెట్లిస్తే రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్లాం. అది టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఏ జట్టు. ఆ రోజు షార్ట్‌స్టాప్ ఒకడు కుడివైపు దూకి, బంతిని బ్యాక్‌హ్యాండ్‌లో ఆపి, గాల్లోకి లేచి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. పరుగెత్తేవాడు ఇంకా ఒక అడుగు దూరంలో ఉండగానే అవుట్. ఇంటికొచ్చాక గ్యారేజ్ తలుపుకి టెన్నిస్ బంతి కొట్టుకుంటూ రాత్రి దాకా ఉన్నాను.

మైనర్ లీగ్ అంటే ఏమిటో మా అమ్మమ్మకి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. అరిజోనా, ఫ్లోరిడాల్లో రూకీ జట్లు, ఆపైన సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఆ తర్వాతే మేజర్ లీగ్. "ఇప్పుడు ఏ క్లాసులో ఉన్నావు నాన్నా?" అని ఫోన్‌లో అడిగేది. ఆ మాటే సరైనదనిపిస్తుంది నాకు. ఒక్కో క్లాసులో రెండేళ్లు కూర్చున్నవాళ్లున్నారు, మధ్యలోనే పంపేసినవాళ్లు అంతకన్నా ఎక్కువమంది.

మొదటి ఏడాది అరిజోనాలో వారానికి 290 డాలర్లు, పన్ను కోయకముందు. అదీ సీజన్ నడిచినన్నాళ్లే. స్ప్రింగ్ ట్రైనింగ్‌కి జీతం లేదు. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం, గాలి పరుపుల మీద. అమ్మ పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి లేకపోతే ఆ వేసవి ఎలా గడిచేదో చెప్పలేను. 2020లో మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయింది. నాన్న ఏమీ అనలేదు కానీ, మాస్టర్స్ చేస్తే ఎలా ఉంటుందో ఇంట్లో రోజూ ఎవరో ఒకరు కదిపేవారు. 2021లో లీగ్‌లన్నీ కొత్తగా అమర్చి, జట్లను 120కి కుదించారు. నలభై దాకా ఊళ్లకి జట్టే లేకుండా పోయింది. నాతో రూకీ బాల్ ఆడినవాళ్లలో చాలామందికి ఆ వేసవి పిలుపు రాలేదు.

ఇక అసలు పని గురించి చెబుతాను. మన గల్లీ క్రికెట్‌లో టప్పా అంటాం కదా, ఇన్‌ఫీల్డర్ బతుకంతా ఆ టప్పా మీదే. బంతి నేలకి తగిలిన మరుక్షణం పట్టుకుంటే సులువు. పడి, పూర్తిగా లేచి, నడుము ఎత్తుకొచ్చాక పట్టుకున్నా సులువే. ఆ రెంటికీ మధ్య, లేస్తూ ఉన్నప్పుడు ఎదురైందంటే చేతులెంత మంచివైనా కష్టమే. అలాంటి టప్పాకి చిక్కకుండా ముందుకు రావాలా, ఒక అడుగు వెనక్కి తగ్గాలా అన్నది కాళ్లు తేల్చాలి. కొట్టినవాడు నాలుగున్నర సెకన్లలోపే ఫస్ట్ బేస్‌లో ఉంటాడు. అందులోనే పట్టడం, గ్లోవ్‌లోంచి తీయడం, విసరడం. పిచర్ బంతి వదిలే ప్రతిసారీ నేను చిన్నగా ఎగిరి, బ్యాట్ తగిలే వేళకి పాదాలు నేలమీదికి వచ్చేలా చూసుకుంటాను. ఒక్క ఆటలో అలా నూరుసార్లు పైనే. బంతి నావైపు వచ్చేది నాలుగైదుసార్లు.

హై-ఏలో ఒక కోచ్ నన్ను పక్కకి పిలిచి, షార్ట్‌స్టాప్‌కి నా చేయి చాలదన్నాడు. కుడిపక్క లోతు నుంచి విసిరితే బంతి చివర్లో వాలిపోతోంది. అది నాకూ తెలుసు. తెలిసినా ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. అలా సంచిలోకి రెండో గ్లోవ్ వచ్చింది, సెకండ్ బేస్‌ది, పదకొండుంపావు అంగుళాలు. చిన్నదైతే బంతి తొందరగా చేతికొస్తుంది.

షార్ట్‌స్టాప్‌లో డబుల్ ప్లే తిప్పేటప్పుడు, అంటే ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసేటప్పుడు, పరుగెత్తి వచ్చేవాడు కళ్లెదుటే ఉంటాడు. సెకండ్ బేస్‌లో వాడు వెనక నుంచి వస్తాడు. బంతి కోసం థర్డ్ బేస్ వైపు చూస్తూ ఉండాలి, వాడి అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. బేస్ మీద కాలుంచి, బంతి అందగానే నడుము తిప్పి విసిరి, అదే ఊపులో పక్కకి తప్పుకోవాలి. మొదటి నెలలో మోకాలి కింద ఒకసారి స్పైకులు దిగాయి, ఆ మచ్చ ఇంకా ఉంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం రెండింటికి, ఇంకెవరూ రాకముందే, కోచ్ ఫంగో బ్యాట్‌తో బంతులు వేస్తుంటే ఆ మలుపు ఒక్కటే తిప్పాను. ఇన్‌ఫీల్డర్లలో ముగ్గుర్ని ఒకేపక్కకి చేర్చి నిలబెట్టే షిఫ్ట్‌ని 2023లో మేజర్ లీగ్ ఆపేసింది. సెకండ్ బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండాల్సిందే. సెకండ్ బేస్‌లో మళ్లీ పరుగెత్తగలిగే కాళ్లు కావలసివచ్చాయి. ఆ నిబంధన నాలాంటివాళ్లకి అన్నం పెట్టింది.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. మేజర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్‌లోకి మేమూ చేరాక వచ్చిన మొదటి ఒప్పందం అది. డబుల్-ఏ జీతం ఏడాదికి కనీసం 30,250 డాలర్లయింది. ఆటగాళ్లకి ఇళ్లు క్లబ్బులే చూపించాలన్న నియమం అంతకు ముందు ఏడాదే వచ్చింది. గాలి పరుపు మీద పడుకున్నవాడికి ఆ మంచం విలువ తెలుసు. 2023లోనే మేజర్ లీగ్‌లో కనీస జీతం 7,20,000 డాలర్లు.

మా ఇళ్లలో బేస్‌బాల్ మాటొస్తే కుమార్ రాకర్ పేరు చెబుతారు. తల్లి తరఫువాళ్లు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు. 2022 డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా రేంజర్స్ తీసుకుంది, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో పిచ్ చేశాడు. ఆ రాత్రి టీవీ ముందు మా అమ్మ కళ్లు తుడుచుకుంది. కానీ అతని దారి వేరు, ముప్పై రౌండ్లు దాటి వచ్చిన ఇన్‌ఫీల్డర్ దారి వేరు. మాకు రెండో అవకాశం అడగకుండా రాదు. అందుకే ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాలి. థర్డ్ బేస్‌కి పన్నెండు అంగుళాల గ్లోవ్ కొన్నాను.

డబుల్-ఏలో మాది టెక్సస్ లీగ్. ఆరు రోజులు ఒకే ఊళ్లో ఆట, సోమవారం ప్రయాణం. అమరిల్లో నుంచి కార్పస్ క్రిస్టీ దాకా రోడ్డు మీద పది గంటలు. అలా తిరుగుతూ ఒక మంగళవారం ఫ్రిస్కో వచ్చాం, నేను అతిథి జట్టులో. మా వీధివాళ్లు నలభైమంది థర్డ్ బేస్ వెనక కూర్చున్నారు. అమ్మమ్మ కూడా వచ్చింది, శాలువా కప్పుకుని. ఐదో ఇన్నింగ్స్‌లో నేలబారు బంతి ఒకటి సరిగ్గా నావైపే వచ్చింది. నేను ముందుకి రావాల్సింది, రాలేదు. మధ్య టప్పా. గ్లోవ్ మడమకి తగిలి పక్కకి దొర్లింది. ఎర్రర్. స్టాండ్స్‌లోంచి ఒక్క మాట లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో డబుల్ ప్లే తిప్పాను, వెనక నుంచి వచ్చినవాడు తాకనైనా లేదు. ఆట అయ్యాక అమ్మమ్మ నా చేతులు పట్టుకుని చూసి, "మొదటిది ఎందుకు వదిలేశావు?" అంది. కాళ్లు ఆలస్యమయ్యాయని చెప్పాను. తల ఊపింది.

పోయినేడాది ఒకరికి గాయమైతే ట్రిపుల్-ఏకి పిలిచారు. పదకొండు రోజులు, నాలుగు ఆటలు. తర్వాత తిరుగు బస్సు. వచ్చేముందు మేనేజర్, ఫస్ట్ బేస్ కూడా ఆడగలిగితే ఏప్రిల్‌లో మళ్లీ చూస్తామన్నాడు.

ఈ చలికాలం ఫస్ట్ బేస్ మిట్ కొన్నాను. తోలు ఇంకా గట్టిగానే ఉంది. రాత్రిళ్లు దాని మధ్యలో బంతి పెట్టి, తాడు కట్టి, పరుపు కింద పెడుతున్నాను. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, ఇంటి వెనక ముప్పై అడుగుల దూరంలో నిలబడతాడు. బంతి నా కాళ్ల ముందు మట్టిలో పడేలా విసురుతాడు, నేను వంగి మిట్‌తో తోడుకోవాలి. నిన్న యాభై అయ్యేసరికి చీకటి పడింది. పెరటి లైటు వేసొచ్చి, "ఇంకో ఇరవై" అన్నాడు.