పదెకరాలకో ట్రాక్టరు

ఇరవయ్యేళ్లుగా కీబోర్డుకి అలవాటుపడ్డ చేతులతో ట్రాక్టరు కొనాలంటే, రైతుబిడ్డకైనా తేలికేం కాదు. నార్త్ కరోలినాలో, రాలీకి పడమటగా చాథమ్ కౌంటీలో, మేం కొన్నది పదెకరాలు. ఎర్రమట్టి, నేలంతా వాలు. ట్రాక్టరుకి నేను పక్కన పెట్టుకున్నది పదివేల డాలర్లు.

మొదట మనసుపడింది ఫోర్డ్ 8ఎన్ మీద. 1947 నుంచి 1952 దాకా తయారైన ఈ బండ్లు ఇక్కడి చిన్న పొలాల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. స్పేర్ పార్టులకి లోటు లేదు. వెనకాల పనిముట్టు తగిలించే త్రీ పాయింట్ లింకేజీ హ్యారీ ఫెర్గూసన్ పుణ్యమే. మా ఊళ్లో గొర్రు తగిలించుకుని తిరిగిన మాసీ ఫెర్గూసన్‌కీ అదే. అమ్మే ఆయన అడిగింది రెండున్నర వేలు. ఫోన్లో చెబితే నాన్న మురిసిపోయారు. "పాతదైతేనేం అబ్బాయ్, ఇనుము గట్టిదేగా!"

లెక్కలు చూడటం నా వృత్తి కదా, ధర పక్కన చెయ్యాల్సిన పనులు కూడా రాసుకున్నాను. గడ్డి కొట్టే రోటరీ కట్టర్ తగిలిస్తే 8ఎన్‌తో ఒక చిక్కుంది. క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బ్లేడు ఊపు పీటీవో గుండా వెనక్కొచ్చి బండిని ముందుకు నెడుతుంది. ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న సాధనం బిగిస్తే ఆ బాధ తప్పుతుంది. ఖర్చూ తక్కువే. అసలు సమస్య, సీటు వెనక రోల్‌బార్ లేకపోవడం. బండి బోల్తాపడినప్పుడు మనిషి దాని కింద నలిగిపోకుండా కాపాడేవి ఆ ఇనపచట్రమూ, సీటుబెల్టూ. రెండూ కలిసి ఉండాలి. అమెరికా పొలాల్లో ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ట్రాక్టరు బోల్తాదే మొదటి స్థానం.

ఇది చెప్పినప్పుడు అవతల చాలాసేపు చప్పుడు లేదు. 1988లో మా పెదనాన్న పంటకాలవ గట్టు మీంచి ట్రాక్టరుతోపాటే దొర్లిపోయారు. ఆ తర్వాత నాన్న ఆ సంగతి ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

"అన్నయ్య బండికి అదేదో ఉండుంటే..." అని ఆగిపోయారు. కాసేపటికి, "ధర చూడకు. అది ఉన్న బండే కొను" అన్నారు.

ఎనిమిదిన్నర వేలకి వాడిన మహీంద్రా దొరికింది. పాతిక హెచ్‌పీ పైచిలుకు, ముందు బకెట్టు, రోల్‌బార్. మహీంద్రా 1994లోనే ఈ దేశం వచ్చింది, నాకంటే సీనియరన్నమాట! నేను వెళ్లేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పాను, చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం తెలుస్తుంది. వెనక లిఫ్టుతో బరువెత్తించి, జారకుండా నిలుస్తుందో లేదో చూశాను. టైర్ల పగుళ్లు కూడా వెతికాను, కొత్తవి వెయ్యాలంటే బేరం కాస్తా తల్లకిందులవుతుంది.

మీరూ కొనబోతుంటే, చౌక అన్న మాటకి ముందు మీ నేల వాలు చూసుకోండి. ఆరువేలు ఎక్కువ పెట్టావేమని నాన్న ఒక్కసారీ అనలేదు. ప్రతి ఆదివారం అడిగేది ఒక్కటే, "బెల్టు పెట్టుకుంటున్నావా?" అని.