రేచకమే మందు

ప్రాణాయామంలో రోగికి ఎక్కువ మేలు చేసేది రేచకం, అంటే ఊపిరి వదలడం. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. నాడీశోధన వంటి నిదానమైన సాధనలో అది ఆరు దాకా తగ్గుతుంది. గాలి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె నెమ్మదిస్తుంది.

గుండెపోటేమోనన్న భయంతో అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చే యువకులు వైద్యులకు తరచూ కనిపిస్తారు. గుండె దడ, వేళ్ల చివర తిమ్మిరి, ఎంత పీల్చినా గాలి చాలదనిపించడం. ఈసీజీ మాత్రం బాగానే ఉంటుంది. ఆందోళనతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి ఆ తిమ్మిరి వస్తుంది. అలాంటివారిని ఇంకా గట్టిగా పీల్చమనడం అగ్నికి ఆజ్యం పోయడమే. గుండె జబ్బు లేదని తేలాక, మెల్లగా వదలడం నేర్పితే చాలామందిలో కాసేపటికే దడ దిగుతుంది.

ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఇల్లాళ్లకు వచ్చే సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బులో చిక్కు వేరు. శ్వాసనాళాలు ఇరుకై, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాక లోపలే నిలిచిపోతుంది. పెదవులు సున్నా చుట్టి నిదానంగా ఊదడం ఫిజియోథెరపిస్టులు వీరికి నేర్పే పద్ధతి; అదీ దీర్ఘ రేచకమే. నాలుగడుగులకే ఆయాసపడే మనిషి వాకిలి దాకా నడిచి రాగలిగితే అది చిన్న మేలు కాదు. ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం వీరికి తగదు.

ఉబ్బసం ఉన్నవారు సాధన మొదలుపెట్టి ఇన్‌హేలర్ మానేయడం, మళ్లీ పిల్లికూతలతో రావడం వైద్యులను బాధించే విషయం. శ్వాసనాళాల వాపు తగ్గించే మందుకు ప్రాణాయామం తోడే తప్ప బదులు కాదు. బి.పి. అదుపులో లేనివారు, గర్భిణులు, హెర్నియా, గ్లకోమా, మూర్ఛ ఉన్నవారు వేగంగా శ్వాస ఆడించే కపాలభాతి, భస్త్రికల జోలికి పోకూడదు. తప్పుగా చేస్తే ఎక్కిళ్లు, ఆయాసం, దగ్గు, తలనొప్పి వస్తాయని స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలోనే హెచ్చరించాడు.

పతంజలి అష్టాంగాల్లో ప్రాణాయామం నాలుగోది. దాని ఫలంగా ఆయన చెప్పింది రోగశాంతి కాదు. లోపలి వెలుగును కప్పిన తెర పలచబడి, మనసు ధారణకు, అంటే ఏకాగ్రతకు, తగినదవడం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హూం’ జపించినా శ్వాస నిమిషానికి ఆరింటికి దగ్గరగా వచ్చి, గుండె, రక్తపోటు లయలు దానితో కలిశాయి. భిన్న మతాల భక్తులు తెలియకుండానే ఒకే రేచకాన్ని సాధన చేశారన్నమాట. క్లినిక్‌లో నెలల తరబడి సాధన చేసిన బి.పి. రోగుల్లో అంకెలు కొద్దిగానే దిగుతాయి, మాత్రలు సాగుతూనే ఉంటాయి. అయినా వారిలో కోపం తగ్గిందని, నిద్ర కుదిరిందని ముందుగా చెప్పేది ఇంట్లోవాళ్లే.