నాన్న కారుకు కొత్త గుండె

షెడ్డు తలుపు తీసి దుమ్ముపట్టిన టార్పాలిన్ లాగితే... 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్! రంగు వెలిసిపోయింది. ముందు అద్దం కింది నుంచి నీళ్లు దిగి అడుగు రేకు తుప్పు పట్టింది. ఇంజిన్ ఉలకదు, పలకదు. బయటివాళ్లకు అది పాత ఇనుము. ఆ ఇంటి కొడుక్కి మాత్రం సాయంత్రం వీధి మలుపులో వినిపించిన నాన్న రాక. అమెరికాలో ఇలాంటి షెడ్డున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.

వాళ్లు వాటిని 'మజిల్ కార్లు' అంటారు. కండలు తిరిగిన కార్లన్నమాట! మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించడమే కిటుకు. జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఓ నిబంధన ఉండేది- ఆ సైజు కార్లలో 5.4 లీటర్లకు మించిన ఇంజిన్ పెట్టకూడదని. పాంటియాక్ విభాగంలోని జాన్ డెలోరియన్ బృందం దాన్ని తెలివిగా దాటేసింది. 1964 మోడల్ టెంపెస్ట్ కారుకు 6.4 లీటర్ల ఇంజిన్‌ను 'అదనపు ప్యాకేజీ'గా ఇచ్చి, జీటీవో అని పేరు పెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్‌ను తెచ్చింది. ధర 2,368 డాలర్లు. తొలిరోజే దాదాపు 22 వేల ఆర్డర్లు! కుర్రకారుకు అందుబాటు ధరలో వేగం దొరికింది.

ఆ వైభవం పదేళ్లు కూడా నిలవలేదు. బీమా ఖర్చు పెరిగింది. 1970లో వాయు కాలుష్యంపై కఠినమైన చట్టం వచ్చింది. 1973లో చమురు సంక్షోభం మొదలైంది. కండల కార్లు షెడ్డుల్లోకి చేరాయి.

ఇప్పుడు వాటిని బయటికి తీస్తున్నవారి ముందు ఓ చిక్కు ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలా? కాలానికి తగ్గట్టు మార్చాలా?

మొదటి దారిలో వెళ్లేవాళ్లకు పట్టింపులెక్కువ. ఇంజిన్ మీది నంబరు ఆ కారుదే అయి ఉండాలి. రంగు ఫ్యాక్టరీ వేసిందే కావాలి. వాళ్ల మాటలోనూ న్యాయముంది. 1968లో వచ్చిన 'బులిట్' సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్‌ను 1974లో ఓ కుటుంబం కొనుక్కుంది. ఆ ఇంటి ఇల్లాలు దాంట్లోనే బడికి వెళ్లి పాఠాలు చెప్పేవారు. తిరిగి అమ్మమని మెక్వీనే ఉత్తరం రాసినా ఇవ్వలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది, రుసుములతో కలిపి, 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. కొత్త రంగు వేయలేదు. సొట్టలు తీయలేదు. ఆ గీతలకే అంత విలువ!

కానీ అన్ని కార్లూ సినిమాలో నటించలేదు. ఇంటి కారు రోడ్డెక్కాలి. అక్కడే గుండె గుభేలుమంటుంది. 1965 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే హైడ్రాలిక్ లైను. ఎక్కడ లీకైనా మొత్తం బ్రేకులు పోయినట్టే. బెల్టు నడుముకే, భుజం మీదుగా రాదు. నాన్న పక్కన కూర్చుని తిరిగిన రోజుల్లో ఈ లోపాలేవీ తెలియవు. ఇవాళ అదే సీట్లో తన బిడ్డను కూర్చోబెట్టాలంటే చెయ్యి ఆగిపోతుంది.

అందుకే రెండో దారి... 'రెస్టోమాడ్'. పైకి పాత రూపం, లోపల కొత్త ప్రాణం. తుప్పు పట్టిన రేకులు కోసి కొత్తవి వెల్డింగ్ చేస్తారు. డ్రమ్ బ్రేకుల చోట డిస్క్ బ్రేకులు, కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్, మూడు పాయింట్ల బెల్టులు, ఏసీ. కొందరైతే ఏకంగా కొత్త ఇంజినే దించేస్తారు. కారు పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టవుతుంది, ఆపితే ఆగుతుంది. దేనికైనా ఓ మూల్యం ఉంటుంది మరి! ఇంజిన్ మారితే శబ్దం మారుతుంది. స్టీరింగ్ మారితే, నాన్న రెండు చేతులతో బలంగా తిప్పిన ఆ బరువు పోతుంది. భద్రత పెరిగిన కొద్దీ జ్ఞాపకం కొంచెం కొంచెం జారిపోతుంది.

అనుభవమున్న మెకానిక్కులు దీనికో మధ్యేమార్గం చూపిస్తారు. బ్రేకులు, బెల్టులు తప్పక మార్చమంటారు. బాగున్న ఇంజిన్‌ను మాత్రం విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తారు. కొత్త భాగాల కోసం బాడీని కోయరు. వీలైనంత వరకూ బోల్టులతోనే అమరుస్తారు. విప్పిన పాత సామాన్లను పారేయరు. ఒక్కోదానికీ చీటీ కట్టి అట్టపెట్టెల్లో సర్దుతారు.

షెడ్డులో కారు నిలిచిన చోటు పక్కనే ఆ పెట్టెలు ఉంటాయి. రేపు మనవడెవరైనా తాత నడిపిన కారు అచ్చంగా ఎలా ఉండేదో చూడాలనుకుంటే, స్పానర్ పట్టుకుంటే చాలు!