చెట్ల నడుమ పచ్చ గుడ్డ

వదినా, ఓ వదినా! మా పెరట్ల యాపచెట్టుకూ మామిడిచెట్టుకూ నడుమ యాలాడే పచ్చ గుడ్డ ఏందని రాత్రి తొంగి చూసినవట గదా, మీ కోడలు చెప్పింది. దొంగ గాదు, మావోడే పండుకున్నడు.

హ్యామక్ అంటరట. నాట్లకు పోయినప్పుడు గట్టు మీది చెట్టుకు చీరతోని తొట్టెల కట్టి పసిపిల్లను పండబెట్టేటోళ్లం గదా, గదే పెద్దోళ్లకు. దీపావళి పోయినంక దోస్తులతోని ఉత్తరాఖండ్ పోతడట. ఆడ కాళీ నది, అవతలి ఒడ్డు నేపాల్. సరయు వచ్చి కలిసే పంచేశ్వర్ కాడ రబ్బరు పడవెక్కి టనక్‌పూర్ దిక్కు దిగుతరు. పగలంత నురగలు కక్కే నీళ్లల్ల తెడ్లేసుడు, రాత్రి ఒడ్డున చెట్లకు గిది కట్టుకొని పండుడు.

'మనకు గోదావరి లేదా బిడ్డా' అంటే నవ్విండు. నిజమే తియ్యి, కాళేశ్వరం కాడ ప్రాణహిత కలిసినంక అది వెడల్పుగ ఇసుక మీద పారుతది, కింద మేడిగడ్డ బరాజ్‌కు 85 గేట్లు. పడవ ఎగురుడు యాడిది? జనగామ అక్కయితే ఫోన్‌ల ఒకటే నవ్వు. 'మా దిక్కు బోర్లల్ల నీళ్లు రాక మేము సస్తుంటే, మీవోడు నీళ్లల్ల దుంకనీకి పైసలు కడుతుండా' అన్నది. మావోనికి ఈ తాళ్ల పిచ్చి రేగొండ దిక్కు పాండవుల గుట్టకాడ బండలెక్కినప్పటి నుంచి పట్టుకున్నది.

ఈ హ్యామక్‌కు మనం తొట్టెల కట్టినట్టు ముడేస్తే నడవదట వదినా. బెరడు కోసుకపోకుంట వెడల్పు పట్టీలు చుట్టాలె. బిర్రుగ గుంజితే తాళ్ల మీద బరువు పెరుగుతదట, 30 డిగ్రీలు వాలుగ ఉండాలె. అండ్ల నిలువుగ పండితే నడుము వంగుతది, ఏటవాలుగ పండితే వీపు సాపుగ ఉంటది. నేనూ పండి చూసిన. సుఖంగనే ఉన్నది, లేవుడే కష్టం.

చలికి బొంత కొన్నడు గని, మన బరువుకు కింద నలిగి పలుచనయితది, వీపుకు గాలి కొడతది. అందుకని హ్యామక్ కింద, బయటికెల్లి ఇంకో బొంత కడుతరు. మీద టార్పాలిన్. అయినా వాన నీళ్లు పట్టీ పొంటి జారి లోపలికే వస్తయట. పట్టీకి చిన్న దారం ముక్క కట్టిండు, చుక్కలు ఆడనే కారిపోతయి. వేలు పోసి కొన్న సామానంత ఒకెత్తు, నాకు నచ్చింది గా దారమే. ఇసుక ఒడ్డున చెట్టే లేకపోతే ఎట్లరా అని మా ఆయన అడిగిండు. కింద పరిచే పట్టా గూడ పెట్టుకున్నడు.

నా భయం చలి గురించి గాదు. 2023 జూలైల మోరంచవాగు ఊరి మీద పడితే మోరంచపల్లోళ్లు డాబాలెక్కలే? హెలికాప్టర్లు రావాల్సొచ్చె. మా అన్నోళ్ల మానుకోట దిక్కు, 2024 సెప్టెంబర్‌ల కేసముద్రం కాడ రైలు పట్టాల కింది కట్టనే కొట్టుకపాయె. కొండల నది వాన లేకున్నా పెరుగుతది, ఎగువ కరెంటు ప్రాజెక్టోళ్లు నీళ్లిడిస్తే. 2014 జూన్ 8న బియాస్ నదిల హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది గట్లనే పోయిండ్రు, పైన లార్జి డ్యాం నీళ్లిడిస్తే. ఈ కాళీకి గూడ పైన ధౌలిగంగ ప్రాజెక్టున్నది. అందుకే చెప్పిన: పాత వరద చెత్త ఒడ్డున యాడిదాక ఇరుక్కున్నదో చూడు, దానికంటే మీద కట్టు. పొద్దుగూకంగ నీళ్ల అంచుకు పుల్ల గుచ్చి, మధ్యరాత్రి లేచినప్పుడు లైటేసి చూడు. 'గైడు చూస్తడమ్మా' అంటడు. గైడు ఆయన ప్రాణం చూసుకుంటడు, నువ్వు నీది చూసుకో అన్న.

ఆ, మూతి మడతేసి బకిల్ పెట్టే సంచి గూడ కొన్నడు. నిన్న బకెట్ల ముంచితే లోపలి పేపర్ తడవలే. మురుకులు చేసిస్త గని, తిండి పండే కాడ పెట్టుకోవద్దట, వాసనకు అడివి జంతువులొస్తయట. నీకాడ గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే ఇయ్యరాదు వదినా? స్టీలుది వద్దంటుండు, పడవల చప్పుడు చేస్తదట.