గొట్టాల ప్యాకెట్లో బుల్లి బొమ్మ!

గొట్టాలు వేళ్లకు తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుతిన్న రోజులు గుర్తున్నాయా? అయితే ప్యాకెట్ అడుగున చెయ్యి పెట్టి బొమ్మ కోసం వెతికిన సంగతీ గుర్తుండే ఉంటుంది!

కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి కడప పెద్ద దర్గా దాకా దాదాపు 200 కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు... బస్సు ఎక్కడ ఆగినా స్టాండు పక్కన ఓ చిన్న అంగడి. కింద అరటిపండ్లు, బొరుగుల ఉండలు. పైన దండల్లా వేలాడే చిరుతిండి ప్యాకెట్లు. పిల్లల చూపంతా వాటిమీదే! రాతిని దేవుడిగా మలిచే ఆళ్లగడ్డలోనూ పసివాళ్ల ముచ్చట తీర్చింది ఆ గోరంత ప్లాస్టిక్ బొమ్మే. ఈల, బొంగరం, ఉంగరం... ఏది వస్తుందో తెలియకపోవడమే అందులో మజా.

ఈ కిటుకు మనది కాదు. అమెరికాలో క్రాకర్‌జాక్ అనే తీపి పేలాల కంపెనీ 1912లోనే డబ్బాకో బహుమతి పెట్టడం మొదలెట్టింది. తినేస్తే తిండి అయిపోతుంది. బొమ్మల వరస పూర్తి కావాలంటే మాత్రం మళ్లీ మళ్లీ కొనాల్సిందే. అదీ వ్యాపారం! 2016లో ఆ కంపెనీ కూడా బొమ్మలు మానేసి, ఫోనులో ఆడుకునే ఆటల కోడ్ ఇవ్వడం మొదలుపెట్టింది.

మన దగ్గర బినాకా టూత్‌పేస్ట్ డబ్బాలో బుల్లి జంతువుల బొమ్మలు వచ్చేవి. ఆ తర్వాతి తరానికి చిప్స్ ప్యాకెట్లలో టాజోలు దొరికాయి. గుండ్రటి బిళ్లల అంచుల గాట్లను ఒకదాంట్లో ఒకటి గుచ్చి ఆడుకునేవారు. అప్పట్లో ఇల్లు ఊడుస్తూ చెత్తలో పారేసిన వాటినే ఇప్పుడు సేకరించేవాళ్లు ఇంటర్నెట్‌లో డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు.

అయితే ఈ ముచ్చటకు మరో వైపూ ఉంది. 2017 చివర్లో ఏలూరులో నాలుగేళ్ల బాబు చిరుతిండి ప్యాకెట్లోని బొమ్మ మింగి కన్నుమూశాడు. తినే పదార్థంతో కలిపి బొమ్మలు వేయొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కంపెనీలకు చెప్పింది కూడా ఆ ఏడాదే. చిప్స్ ముక్కకీ ప్లాస్టిక్ ముక్కకీ తేడా పసివాళ్ల నోటికి తెలియదు కదా! పెద్దవాళ్లకు తీపి జ్ఞాపకమే అయినా, పిల్లల ప్యాకెట్ మాత్రం ముందు గిన్నెలో ఒంపి చూశాకే వాళ్ల చేతికివ్వాలి.

ఈసారి సెలవులకు ఊరెళ్తే అటకమీది పాత పెట్టె దించి చూడండి. అగ్గిపెట్టెలోనో, పౌడర్ డబ్బాలోనో మీ చిన్ననాటి బొమ్మ దొరకొచ్చు. దొరికితే గాజు సీసాలో వేసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. దాని కథ మాత్రం వాళ్లకు చెప్పండి!