ముందు మెట్లు

నాకు అరవై నిండాయని పిల్లలు పట్టుబట్టి తిరుక్కడైయూరులో షష్టిపూర్తి చేయించారు. మన లైన్లలో చాలామంది అక్కడే చేసుకుంటారు, మీకు తెలియంది కాదు. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నిన చోటు. మిల్లులో దూదిపొట్టు పీల్చినవాడు అరవై చూడటమే గొప్పలే అని నేనూ నా భార్యా నవ్వుకుంటూ దండలు మార్చుకున్నాం. ఎనభై రెండేళ్ల మా అమ్మ కూడా వచ్చింది.

మర్నాడు రాత్రికి గాని రైలు లేదు. పగలంతా గదిలో కూర్చుని ఏం చేస్తాం, దగ్గర్లోనే తరంగంబాడి ఉంది, సముద్రం చూసొద్దాం అన్నాడు మా చిన్నోడు. ఆటో మాట్లాడుకుని నలుగురం పోయాం.

ఊరి మొదట్లో తెల్లటి పెద్ద దర్వాజా. 1792లో కట్టింది. అది దాటితే వీధి నేరుగా సముద్రం దాకా పోతుంది. చివర్న డెన్మార్కు వాళ్ల కోట. వాళ్లు 1620లో ఓడలేసుకుని మిరియాల కోసం వస్తే తంజావూరు రఘునాథ నాయకుడు ఈ చోటు ఇచ్చాడు. ఆ నాయకరాజుల కొలువులో నడిచింది మన తెలుగే. డెన్మార్కు రాజుకి ఆయన బంగారు రేకు మీద ఉత్తరం రాయించి పంపాడు, అదిప్పటికీ వాళ్ల దేశంలో భద్రంగా ఉంది అని మా చిన్నోడు చెబితే అమ్మ, “కాయితం దొరకలేదా పాపం?” అంది.

కోట పక్కనే, సముద్రానికి ఎదురుగా ఒక రెండంతస్తుల బంగళా. చుట్టూ స్తంభాల వసారాలు. 1845లో డెన్మార్కు వాళ్లు ఈ ఊరినీ బెంగాల్లోని సేరంపూరునూ కలిపి పన్నెండున్నర లక్షలకి ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. ఊరికి ఊరే అమ్మకం! తర్వాత కొన్నేళ్లు జిల్లాకి ముఖ్యపట్నం ఇదే, ఈ బంగళాలో తెల్లదొర కాపురం. పిమ్మట కచేరీ తంజావూరుకి పోయింది. 1861లో నాగపట్నం నుంచి రైలు నడిచాక ఓడలు కూడా అటే పోయాయి. ఇక్కడ ఎవరికీ పని లేకుండా పోయింది. నాకేమనిపిస్తుందంటే, ఈ ఇళ్లు మిగిలింది ఎవరో కాపాడి కాదు, స్థలానికి గిరాకీ లేక. మన మిల్లు పట్నం నడుమ ఉంది, దానికా అదృష్టం ఎక్కడిది? పొగగొట్టం కూడా మిగల్లేదు.

ఇప్పుడా బంగళా నీమ్రానా వాళ్ల హోటలు. పాత సొగసు చెడకుండా బాగుచేసి పెట్టారు. గది అద్దె విని నేను నోరు మూసుకున్నాను. కాఫీ అయితే ఇస్తామన్నారు.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మ పక్కన లేదు. చూస్తే గోడవార పట్టుకుని వెనక్కి పోతోంది.

“అమ్మా, ఎక్కడికి?”

“మీరు పోండ్రా. నేను ఎనక నించి వస్తా.”

నేను స్కూలుకి పోయే రోజుల్లో అమ్మ మిల్లు మేనేజరు బంగళాలో పనికి పోయేది. ఏ మిల్లని చెప్పను. పొద్దున్నే సైరన్ కూసేలోపల మాకు సంగటి చేసి పెట్టి పోయేది. పదకొండేళ్లు చేసింది. ఆ బంగళా ముందు మెట్లు ఎన్నో కూడా తనకి తెలియదట. అయితే వాటిని రోజూ కడిగింది ఎవరమ్మా అంటే, కడిగేటప్పుడు లెక్కపెడతామా అంది.

చెయ్యి పట్టుకుని ముందు నుంచే ఎక్కించాను. ఎక్కాక మాత్రం మాకంటే ఆమే బాగా చూసింది. గది తలుపుల మీద అప్పట్లో ఇక్కడికి వచ్చిన డెన్మార్కు ఓడల పేర్లు ఉన్నాయి. అమ్మ అవి పట్టించుకోలేదు. పైకప్పు చూసి, “ఇంత ఎత్తెందుకో తెలుసా, వేడి పైకి పోవాల” అంది. కిటికీల చెక్క రెక్కల సందుల్లో వేలు పెట్టి దుమ్ము చూసుకుంది. వంటిల్లు ఇంటికి దూరంగా ఉండి ఉంటుందని చెప్పింది. పొగా వాసనా దొర ముక్కుకి తగలకూడదు, నిప్పంటుకున్నా పెద్దిల్లు మిగలాల. అక్కణ్ణించి ఇక్కడి దాకా గిన్నెలు మోసేవాళ్లకి ఎండలో కాళ్లు కాలేవి అని తన కాళ్ల వంక చూసుకుంది.

వసారాలో కూర్చున్నాం. ఎదురుగా సముద్రం. పక్కన మాసిలామణినాథుడి గుడి, ఏడువందల ఏళ్ల నాటిది, ముందు భాగమంతా అలలు తినేశాయి. 2004 సునామీ ఈ రేవులో ఎంత మందిని పట్టుకుపోయిందో మీకందరికీ గుర్తుంటుంది. కాఫీ వచ్చింది. అమ్మ చెంచాని చేతిలో తిప్పుతూ చాలాసేపు తాగలేదు.

“ఒక చెంచా పోయిందిరా ఆ ఇంట్లో. ఎనక తలుపు కాడ నిలబెట్టి నా కొంగు ఇప్పించి దులిపినారు. తోటమాలి చూస్తానే ఉన్నాడు. సాయంకాలం ఎంగిలి నీళ్ల బాల్టీలో దొరికింది. ఎవురూ ఏమీ అనలా. మర్నాడు నేను పనికి పోయినా.”

ఇన్నేళ్లలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. మా నాయనకి తెలుసా అని అడిగాను. తెలిస్తే ఊరుకుంటాడా, ఆయన పని కూడా పోదా అంది. నా భార్య లేచి పోయి ఆమె పక్కన కూర్చుంది. నాకు మాత్రం సంగటి గుర్తొచ్చింది, అది ఆ మర్నాడు కూడా వేడిగానే ఉండి ఉంటుంది.

బిల్లు కట్టి లేచాం. కప్పులు తీయడానికి వచ్చిన కుర్రాణ్ణి అమ్మ ఆపింది. చెంచాలన్నీ పళ్లెంలో వరసగా పెట్టి, “ఎంచుకో నాయనా” అంది. వాడికి తెలుగు రాదు. అరవంలో మళ్లీ చెప్పింది. వాడు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగి, ఒక్కొక్కటీ వేలితో తాకుతూ నాలుగు దాకా పైకే లెక్కపెట్టాడు.